గుర్రుపెట్టి నిద్రపోతున్నారంటే బాగున్నట్టేనా? పక్షవాతం తర్వాత నిద్ర కథ

పక్షవాతం, అంటే స్ట్రోక్ వచ్చి, వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి చేరిన మనిషిని చూడటానికి వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎక్కడైనా ఒకటే. చెయ్యి కదులుతోందా, మాట వస్తోందా, కాస్త తింటున్నారా. ఆఖర్న నిద్ర గురించి అడుగుతారు. "నిద్రకేం లోటు లేదండీ, గుర్రుపెట్టి పడుకుంటున్నారు" అని ఇంట్లోవాళ్లు చెబుతారు. విన్నవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. తెలుగులో గుర్రుపెట్టి నిద్రపోవడమంటే హాయిగా నిద్రపోవడమే మరి. స్ట్రోక్ వచ్చిన మనిషి దగ్గర మాత్రం ముందుగా అనుమానించాల్సింది ఆ గుర్రునే.

నిద్ర విషయంలో తెలుగుకి మాటల కరువు లేదు. కునుకు, మాగన్ను, కలత నిద్ర, తూగు, కునికిపాట్లు, మగత. మగత వేరు, నిద్ర వేరు అని పల్లెటూరి ముసలమ్మకి కూడా తెలుసు. నీరసంతో పక్కమీద వాలడం ఈ రెండూ కాదనీ తెలుసు. చిత్రమేమిటంటే డాక్టరు గదిలోకి అడుగుపెట్టేసరికి ఇవన్నీ కలిసిపోయి "నిద్ర సరిగ్గా లేదండీ" అనే ఒక్క మాట అయిపోతాయి. ఆ ఒక్క మాటకి ఒక్క నిద్రమాత్ర బదులుగా వస్తుంది. స్ట్రోక్ నిద్రని ఒకే తీరుగా దెబ్బతీయదు కాబట్టి, ఆ మాత్ర ఒకరికి కాస్త మేలు చేస్తే మరొకరికి ప్రాణం మీదికి తెస్తుంది. తేడా ఎక్కడుందో తెలియాలంటే అసలు నిద్ర మెదడులో ఎక్కడ తయారవుతుందో కొంచెం చూడాలి.

నిద్ర అంటే మెదడు దుకాణం కట్టేయడం అని చాలాకాలం అనుకున్నారు. కాదు. నిద్రపుచ్చడమూ, మేల్కొలపడమూ రెండూ మెదడు శ్రమపడి చేసే పనులే. ఈ సంగతి మొదట బయటపడింది ఒక వింత మెదడువాపు జబ్బువల్ల. మొదటి ప్రపంచ యుద్ధం నాటి యూరప్‌లో వ్యాపించిన ఆ జబ్బుని వియన్నా వైద్యుడు కాన్‌స్టాంటిన్ వాన్ ఎకానమో 1917లో వర్ణించాడు. ఆ రోగుల్లో కొందరు రోజుల తరబడి నిద్రలోనే ఉండేవారు, కొందరికి రెప్ప పడేది కాదు. చనిపోయినవాళ్ల మెదళ్లని కోసి చూస్తే, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ వెనక భాగం చెడినవాళ్లు నిద్రలో మునిగినవాళ్లనీ, ముందు భాగం చెడినవాళ్లు నిద్ర పోగొట్టుకున్నవాళ్లనీ తేలింది. 1949లో మొరూజీ, మాగూన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మరో అడుగు వేశారు. మత్తులో ఉన్న పిల్లుల మెదడు కాండంలో, అంటే బ్రెయిన్‌స్టెమ్‌లో, వలలా అల్లుకున్న నరాల గుంపుని విద్యుత్తుతో తట్టారు. మెదడు తరంగాలు ఒక్కసారిగా మెలకువ తరంగాలుగా మారిపోయాయి.

మేల్కొలిపే తీగలు బ్రెయిన్‌స్టెమ్‌లో బయలుదేరి, మెదడు నడిమధ్య ఉండే థాలమస్, దాని కింది హైపోథాలమస్‌ల మీదుగా పైకి వెళ్లి మెదడు పైపొర అంతటా విచ్చుకుంటాయి. స్ట్రోక్ అంటే ఆ దారిలోనో, మరోచోటో రక్తనాళం పూడుకుపోవడం లేదా చిట్లిపోవడం. నూటికి ఎనభై అయిదు దాకా పూడుకుపోయే రకమే. నిద్ర విషయంలో స్ట్రోక్ ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కడ పడింది అన్నదే ముఖ్యం. పైపొరలో అరచేతంత మేర మెదడు చెడిపోయినా మేల్కొలిపే దారి చెక్కుచెదరకుండా ఉండొచ్చు. థాలమస్‌లో చిక్కుడుగింజంత మచ్చ పడితే మనిషి వారాల తరబడి నిద్రలోనే మునిగి ఉండొచ్చు. స్కాన్ చూసి "చిన్న స్ట్రోకేనండీ" అన్నారు కదా, మరి ఇంత మగత ఏమిటి అని ఇంట్లోవాళ్లు కంగారుపడేది ఇలాంటప్పుడే.

ఇక గురక. అన్నిటికంటే ఎక్కువమందిలో ఉండేదీ, అన్నిటికంటే తక్కువమంది పట్టించుకునేదీ ఇదే.

నిద్రలో కనీసం పది సెకన్లు ఊపిరి ఆగిపోవడాన్ని ఆప్నియా అంటారు. గంటకి అయిదుసార్లు మించి అలా ఆగినా, ఊపిరి బాగా తగ్గిపోయినా అది జబ్బు కింద లెక్క. పదిహేను దాటితే మధ్యస్థం, ముప్పై దాటితే తీవ్రం. స్ట్రోక్ వచ్చినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే నూటికి దాదాపు డెబ్బై మందిలో గంటకి అయిదుకి పైనే ఉంది. పదిమందిలో ముగ్గురికి అది ముప్పై దాటుతుంది. అంటే ప్రతి రెండు నిమిషాలకీ ఒకసారి ఊపిరి అడ్డుపడుతోందన్నమాట. పక్కన చాప వేసుకుని పడుకున్న మనిషికి వినిపించేది మాత్రం గట్టి గురక, మధ్యలో నిశ్శబ్దం, తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఒక పెద్ద శ్వాస, మళ్లీ గురక. ఆ నిశ్శబ్దాన్ని "పాపం, ఇప్పుడు బాగా పట్టినట్టుంది" అనుకుంటారు. ఊపిరి ఆగిన క్షణాలు అవే.

ఎందుకిలా? నిద్రలో అందరికీ గొంతు కండరాలు వదులవుతాయి. స్ట్రోక్‌లో నాలుక, అంగిలి, గొంతు కండరాలకి కూడా బలం తగ్గుతుంది. అన్నం మింగుడుపడకపోవడానికీ, రాత్రి గురకకీ మూలం చాలామందిలో ఒకటే. దీనికి తోడు ఒక పక్క పడిపోయిన మనిషి తనంతట తాను ఒత్తిగిల్లలేడు. వెల్లకిలా పడుకోబెడితే తెల్లారేదాకా వెల్లకిలానే ఉంటాడు. నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతుంది. ఒళ్లు, మెడ లావుగా ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇది కాక ఇంకో రకం ఉంది, గొంతుకి అడ్డం ఏమీ లేకపోయినా ఊపిరి తీసుకొమ్మని మెదడే ఆదేశం పంపకపోవడం. శ్వాస పెరుగుతూ పెరుగుతూ వెళ్లి, తగ్గుతూ తగ్గుతూ ఆగి, మళ్లీ మొదలవుతుంది. 1818లో డబ్లిన్‌లో జాన్ చేన్ అనే వైద్యుడు ఈ తీరుని ఒక రోగిలో గమనించి రాసిపెట్టాడు. ఆ మనిషికి వచ్చింది కూడా పక్షవాతమే. తర్వాత అదే ఊరి వైద్యుడు విలియం స్టోక్స్ దీన్నే మరింత వివరించడంతో ఇద్దరి పేర్లూ కలిపి దీనికి స్థిరపడ్డాయి. స్ట్రోక్ రోగుల్లో ఈ రెండో రకం తక్కువ. గొంతు మూసుకుపోయే రకమే ఎక్కువ.

ఆప్నియా వల్ల స్ట్రోక్ వచ్చిందా, స్ట్రోక్ వల్ల ఆప్నియా వచ్చిందా అనే ప్రశ్నకి రెండూ నిజమే అన్నదే సరైన జవాబు. 2005లో అమెరికాలో వెయ్యిమందికి పైగా మనుషుల మీద వచ్చిన అధ్యయనంలో ఆప్నియా ఉన్నవాళ్లకి స్ట్రోక్ గానీ మరణం గానీ సంభవించే అవకాశం దాదాపు రెట్టింపు ఉందని తేలింది. బీపీ, షుగరు, బరువు, పొగతాగడం అన్నీ లెక్కలోంచి తీసేశాక మిగిలిన తేడా అది. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మళ్లీ ఊపిరి అందుకునే క్షణంలో బీపీ ఎగబాకుతుంది. మామూలుగా నిద్రలో బీపీ పదో వంతు పైగా తగ్గాలి. వీళ్లలో తగ్గదు. పగలు ఆసుపత్రిలో చూపించుకున్నప్పుడు బీపీ అదుపులోనే ఉన్నట్టుంటుంది, మందులు సరిపోయాయనుకుంటారు. రాత్రి జరిగేది ఎవరి లెక్కలోకీ రాదు. స్ట్రోక్ వచ్చిన కొత్తలో దెబ్బతిన్న చోటు చుట్టూ చావుబతుకుల మధ్య ఊగిసలాడే మెదడు కొంత ఉంటుంది. రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే దానికేమవుతుందో ఊహించడం కష్టం కాదు.

వైద్యం సంగతికొస్తే, సీపాప్ మిషన్ అనేది ముక్కు మీద మాస్కు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ బృందం 1981లో దీన్ని ప్రపంచానికి చూపించింది. ఇది వాడితే మళ్లీ స్ట్రోక్ రాకుండా ఉంటుందా? 2016లో సేవ్ పేరుతో వెలువడిన పెద్ద పరీక్షలో గుండెజబ్బో స్ట్రోకో ఉన్న 2,717 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకే మిషన్ ఇచ్చి చూస్తే, గుండెపోటు, స్ట్రోక్ వంటివి తగ్గలేదు. ఈ ఫలితం చూసి మిషన్ దండగ అనేసినవాళ్లూ ఉన్నారు. అది తొందరపాటు. ఆ పరీక్షలో మనుషులు మిషన్ పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలే. సగం నిద్రకి కూడా చాలని వాడకంతో పూర్తి ఫలితం అడగడం న్యాయం కాదు. పైగా గురక, పగటి తూగు తగ్గడం, మనసు తేలికపడటం అందులోనూ కనిపించాయి. అలాగని స్ట్రోక్ రోగికి ఈ మాస్కు సులువని కూడా చెప్పకూడదు. మూతి ఒక పక్కకి లాగినప్పుడు గాలి పక్కనుంచి పోతుంది, ఒంటి చేత్తో పట్టీలు బిగించుకోవడం కుదరదు, మాట రానివాళ్లు ఇబ్బంది చెప్పుకోలేరు. ఇంట్లో ఒకరు ఓపిగ్గా నిలబడితేనే సాగే వైద్యం ఇది.

మిషన్ దాకా వెళ్లకముందే చేయగలిగిన పనీ ఒకటుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టడం. వీపు వెనక దిండు, పడిపోయిన చెయ్యి కింద దిండు, మోకాళ్ల మధ్య దిండు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చమని నర్సులు ఎలాగూ చెబుతారు. గొంతు తెరుచుకుని ఉండటానికీ అదే పనికొస్తుంది. కొందరికి గురక సగానికి సగం తగ్గిపోతుంది. గురక రికార్డు చేయడానికి ఖరీదైన పరికరం కూడా అక్కర్లేదు. మనిషి ముఖమూ ఛాతీ కనబడేలా ఫోనులో అయిదు నిమిషాల వీడియో తీసుకెళ్లి చూపిస్తే, స్లీప్ స్టడీ, అంటే రాత్రంతా నిద్రనీ ఊపిరినీ కొలిచే పరీక్ష, రాయాలా వద్దా అన్నది డాక్టరు అప్పటికప్పుడు నిర్ణయించగలరు.

గురక తర్వాత చెప్పుకోవాల్సింది అతినిద్ర. ఇంట్లో దీనికి పెట్టే పేరు కుంభకర్ణుడి నిద్ర. థాలమస్ రెండు వైపులా ఉంటుంది, మామూలుగా ఒక్కో వైపుకీ ఒక్కో చిన్న రక్తనాళం వెళుతుంది. కొద్దిమందికి మాత్రం పుట్టుకతోనే రెండు వైపులకీ కలిపి ఒకే నాళం ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త పెర్షెరాన్ దీన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే దానికి. ఆ ఒక్క నాళం పూడుకుపోతే మేల్కొలిపే దారి రెండు వైపులా ఒకేసారి తెగిపోతుంది. కాలూ చెయ్యీ బాగానే ఉంటాయి, మూతి వంకరపోదు. మనిషి మాత్రం లేవడు. గట్టిగా కుదిపితే కళ్లు తెరిచి రెండు మాటలు మాట్లాడి మళ్లీ పడుకుంటాడు. రోజుకి ఇరవై గంటల దాకా పడుకున్నవాళ్లున్నారు. పక్షవాతం గుర్తులేవీ లేకపోవడంతో షుగరు పడిపోయిందనో, నిద్రమాత్రలు మింగాడనో, తాగి పడ్డాడనో అనుకుని విలువైన గంటలు పోగొట్టుకుంటారు. మొదటి సీటీ స్కాన్‌లో ఇది కనబడకపోవచ్చు కూడా. నెలలు గడిచేకొద్దీ ఈ నిద్ర చాలావరకు పలచబడుతుంది. జ్ఞాపకశక్తి, చురుకుదనం మాత్రం కొందరిలో పూర్తిగా తిరిగి రావు. మనిషి లేచి కూర్చుంటాడు కానీ ఏ పనికీ ముందుకు కదలడు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు.

అతినిద్రకీ మగతకీ తేడా తెలియాల్సింది ఇక్కడే. నిన్నటిదాకా మేలుకుని మాట్లాడిన మనిషి ఈరోజు పిలిస్తే సరిగ్గా పలకడం లేదంటే దాన్ని నిద్ర ఖాతాలో వేయకూడదు. పెద్ద స్ట్రోక్ తర్వాత రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్య మెదడు వాచి మగత కమ్మవచ్చు. రక్తంలో సోడియం తగ్గినా, ఊపిరితిత్తుల్లోకి అన్నం మెతుకు పోయి నిమ్ము చేసినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, పైకి కనబడని ఫిట్స్ వస్తున్నా పరిస్థితి ఇలాగే ఉంటుంది. "అలసిపోయినట్టున్నారు, పడుకోనివ్వండి" అని దుప్పటి కప్పే సమయం కాదది.

అలసట మళ్లీ వేరే సంగతి. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది చెప్పే బాధ ఇది. పది గంటలు పడుకుని లేచినా పది అడుగులు వేసేసరికి ఒంట్లో సత్తువంతా తోడేసినట్టుంటుంది. దీనికి నిద్ర మందు కాదు. ఎంత పడుకున్నా తీరదు కూడా. నిద్ర వస్తోందా, లేక నీరసంగా ఉండి పడుకోవాలనిపిస్తోందా అని అడిగితే చాలామంది రోగులు తేడా స్పష్టంగా చెప్పగలరు, ఎవరూ అడగరు అంతే.

నిద్ర పట్టకపోవడం మూడోది. స్ట్రోక్ వచ్చిన పదిమందిలో ముగ్గురు నలుగురు దీనితో బాధపడతారు. వీళ్లలో కొందరికి స్ట్రోక్ రాకముందే నిద్ర అంతంతమాత్రం. మెదడు దెబ్బే కారణమైన నిద్రలేమి ఉంది, బ్రెయిన్‌స్టెమ్‌లోనో థాలమస్‌లోనో స్ట్రోక్ వచ్చిన కొందరిలో. కానీ ఎక్కువమందిలో అసలు కారణాలు మంచం చుట్టుపక్కలే దొరుకుతాయి. ఐసీయూలో రాత్రీ పగలూ ఒకే వెలుతురు, ఆగని మానిటర్ల చప్పుడు, గంట గంటకీ కంట్లో టార్చి వేసి చూడటం. ఇంటికొచ్చాక పడిపోయిన వైపు భుజం నొప్పి. చెయ్యి జారి కీలు వదులైన భుజం మీద ఒత్తిడి పడితే ఎంత గాఢ నిద్రలో ఉన్నవాళ్లయినా లేచి కూర్చుంటారు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి రావడం, లేపడానికి ఇంకొకరిని లేపాలంటే మొహమాటం. దీనికి తోడు మళ్లీ వస్తుందేమో, ఈసారి నిద్రలోనే పోతానేమో అనే టెన్షన్. ముగ్గురిలో ఒకరికి స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ వస్తుంది, దానికి మొదటి గుర్తు చాలాసార్లు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేయడం. కొన్నిసార్లు డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లుయోక్సెటిన్ వంటి మందు రాత్రిపూట వేసుకోవడమే నిద్రని చెడగొడుతుంది. అదే మందు పొద్దున్నే వేసుకునేలా డాక్టరు మారిస్తే సమస్య తీరిపోతుంది.

నిద్రమాత్రల గురించి కాస్త కఠినంగానే చెప్పాలి. ఆల్ప్రాజోలం మన ఊళ్లలో అగ్గిపెట్టె దొరికినంత సులువుగా చేతికొస్తుంది. చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన చాలాచోట్ల కాగితం మీదే ఉంటుంది. ఆ జాతి మాత్రలు గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి. ఆప్నియా ఉన్న మనిషికి ఊపిరి ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది, ఆగినప్పుడు మేల్కొలపాల్సిన మెదడు కూడా ఆలస్యంగా స్పందిస్తుంది. తెల్లారాక తూగు మిగులుతుంది, నడక ఇంకా కుదురుకోని మనిషి బాత్రూమ్ దగ్గర పడిపోతాడు. తుంటి ఎముక విరిగితే అప్పటిదాకా చేసిన ఫిజియోథెరపీ అంతా మొదటికొస్తుంది. అవసరమైనవాళ్లకి కొద్దిరోజులు వాడటంలో తప్పు లేదు, కానీ గురక సంగతి తేల్చకుండా మాత్ర మొదలుపెట్టడం తప్పే.

రాత్రీ పగలూ తారుమారు కావడం కూడా ఇలాంటిదే. పగలంతా కునికిపాట్లు, పొద్దుగూకేసరికి అలజడి, అర్ధరాత్రి పక్కమీంచి లేవబోవడం, ఎవరెవరినో పిలవడం. మెదడులోని గడియారానికి వేళ చెప్పేది ప్రధానంగా కంటిలో పడే పగటి వెలుతురు. కిటికీ తలుపులు మూసి, కర్టెన్లు దించిన గదిలో మంచానికి అతుక్కున్న మనిషి మెదడుకి మధ్యాహ్నం పన్నెండూ, రాత్రి పన్నెండూ ఒకటే. పొద్దున్నే గంటసేపు వరండాలోనో, ఆరుబయటో కుర్చీలో కూర్చోబెట్టడం వారం పది రోజుల్లో మార్పు తెస్తుంది. దీనికి డబ్బు ఖర్చు లేదు. బహుశా అందుకే దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

కొన్ని మార్పులు అరుదైనవే, కానీ అవి తెచ్చే భయం చాలా ఎక్కువ. బ్రెయిన్‌స్టెమ్ పైభాగంలో స్ట్రోక్ వచ్చిన కొందరికి సాయంత్రం చీకటిపడే వేళకి గోడ మీద మనుషులు, జంతువులు, రంగురంగుల బొమ్మలు కనిపిస్తాయి. 1922లో ఫ్రెంచి వైద్యుడు లెర్మిట్ ఇలాంటి వృద్ధురాలి గురించి రాశాడు. తాను చూస్తున్నవి నిజం కావని ఆమెకి తెలుసు. కల కనే యంత్రాంగం మెలకువలోకి చొరబడటమే ఇదని ఆయన అనుకున్నాడు. ఇలాంటివి మన ఇళ్లలో జరిగితే స్కాన్‌కి వెళ్లకముందే తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు. ఇంకొందరు నిద్రలో కలకి తగ్గట్టు చేతులు విసురుతారు, తంతారు, అరుస్తారు. కలగనే దశలో ఒళ్లంతా చచ్చుబడినట్టు ఉంచే ఏర్పాటు బ్రెయిన్‌స్టెమ్‌లోనే ఉంది, అది చెడితే మనిషి కలని నటిస్తాడు. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టుండి, కాళ్లు కదపందే ఉండలేని బాధ కూడా కొందరిలో స్ట్రోక్ తర్వాత కొత్తగా మొదలవుతుంది. కాళ్లు పట్టమని రాత్రంతా అడిగే తాతగారిది చాదస్తం కాకపోవచ్చు.

కలలే పోయినవాళ్లూ ఉన్నారు. 2004లో స్విట్జర్లాండ్‌కి చెందిన ఇద్దరు వైద్యులు 73 ఏళ్ల ఒకామె గురించి ప్రచురించారు. మెదడు వెనక భాగంలో రెండు వైపులా స్ట్రోక్ వచ్చింది. చూపు సమస్య కొద్దిరోజుల్లో చాలావరకు సర్దుకుంది, కలలు రావడం మాత్రం పూర్తిగా ఆగిపోయింది. నిద్ర ప్రయోగశాలలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ, అంటే మామూలుగా కలలొచ్చే దశ, ఆమెలో యథాతథంగా ఉంది. సరిగ్గా ఆ దశలో లేపి అడిగినా కల లేదు. నిద్రలోని ఆ దశా, కలా ఒకటే అనుకునేవాళ్లకి ఈ ఒక్క రోగి గట్టి జవాబు.

నిద్రలోనే స్ట్రోక్ వచ్చేవాళ్ల కథ ఇంకోటి. రక్తనాళం పూడుకుపోయే స్ట్రోకుల్లో అయిదింట ఒకటి దాకా ఇలాంటివే. రాత్రి బాగానే పడుకుంటారు, తెల్లారి లేవబోతే కాలూ చెయ్యీ రావు. నాళంలోని రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి గడువు స్ట్రోక్ మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు. రాత్రి ఎన్నింటికి వచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి ఒకప్పుడు వీళ్లందరినీ గడువు దాటినవాళ్ల కిందే లెక్కేసేవారు. 2018లో యూరప్‌లో 503 మంది మీద జరిగిన పరీక్ష దీన్ని మార్చింది. ఎంఆర్ఐలో రెండు రకాల చిత్రాలు తీసి పోల్చి చూస్తే స్ట్రోక్ తాజాదా, పాతబడిందా అన్నది అంచనా కట్టొచ్చు. తాజాగా ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ ఇస్తే నూటికి 53 మంది దాదాపు మామూలుగా కోలుకున్నారు, ఇవ్వనివాళ్లలో 42 మందే. రక్తస్రావం ముప్పు కొంచెం పెరిగినా మొత్తం మీద లాభమే. కాబట్టి "రాత్రెప్పుడో వచ్చింది, ఇప్పుడు వెళ్లి ఏం లాభం" అనే మాటకి కాలం చెల్లింది. లేచిన వెంటనే 108కి ఫోన్ చేసి, ఎంఆర్ఐ ఉన్న ఆసుపత్రికి చేరడమే పని. రాత్రి ఆఖరిసారి మామూలుగా చూసింది ఎన్నింటికి అన్నది మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పాలి.

స్ట్రోక్‌ని నిద్ర అనుకోవడంలో చరిత్రకెక్కిన పొరపాటు సోవియట్ నేత స్టాలిన్ విషయంలో జరిగింది. 1953 మార్చి 1న తెల్లవారుజామున అతిథులు వెళ్లిపోయాక ఆయన తన గదిలోకి వెళ్లాడు. పగలంతా అలికిడి లేదు. పిలవకుండా లోపలికి వెళ్లే ధైర్యం కాపలావాళ్లకి లేకపోయింది. రాత్రి పొద్దుపోయాక చూసేసరికి నేలమీద పడి ఉన్నాడు. సోఫా మీదికి చేర్చాక వచ్చిన పార్టీ పెద్దలు, గురకపెట్టి నిద్రపోతున్న మనిషిని చూపిస్తూ అనవసరంగా గొడవ చేస్తున్నారని కాపలావాళ్లనే కసిరినట్టు వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. డాక్టర్లు వచ్చింది మర్నాడు ఉదయం. మెదడులో రక్తస్రావంతో మార్చి 5న చనిపోయాడు. త్వరగా వచ్చినా ఆ రోజుల్లో చేయగలిగింది పెద్దగా లేదు కానీ, గురకని నిద్ర అనుకోవడం ఒక్క తెలుగువాళ్ల అలవాటు కాదని మాత్రం తెలుస్తుంది.

ఉదయపు వేళ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. పదకొండువేలకి పైగా స్ట్రోకుల్ని కలిపి 1998లో వేసిన లెక్కలో, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు మధ్య స్ట్రోకులు మామూలుగా ఉండాల్సినదానికంటే దాదాపు సగం ఎక్కువగా కనిపించాయి. లేచిన వెంటనే బీపీ పెరగడం, రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ కావడం ఇందుకు కారణాలని భావిస్తున్నారు. బీపీ మాత్ర మర్చిపోయి రెండు రోజులు మానేసినవాళ్లకి ఈ గంటలే గండం.

ఇంతకీ కోలుకోవడంలో నిద్ర చేసే పని ఏమిటి? పగలు ఫిజియోథెరపీలో వందసార్లు చెయ్యి ఎత్తించడం అంటే మిగిలిన మెదడుకి కొత్త పని నేర్పించడమే. నేర్చుకున్నది స్థిరపడేది చాలావరకు నిద్రలో. అమెరికాలో 2008 ప్రాంతంలో స్ట్రోక్ వచ్చినవాళ్లకి చేత్తో ఒక గీతని అనుసరించే పని నేర్పి, కొందరిని నిద్ర తర్వాతా, కొందరిని అంతసేపు మెలకువగా ఉంచాకా పరీక్షించారు. నిద్రపోయి వచ్చినవాళ్లు ముందుకంటే మెరుగ్గా చేశారు, మెలకువగా ఉన్నవాళ్లలో ఆ మెరుగుదల లేదు. ఆశ్చర్యం ఏమిటంటే అదే వయసులో ఉన్న ఆరోగ్యవంతులకి నిద్రవల్ల ఇంత లాభం కనబడలేదు. దెబ్బతిన్న మెదడుకే నిద్ర ఎక్కువ పనికొచ్చింది. ఇలా చూస్తే, రాత్రంతా ఊపిరాడక గంటకి ముప్పైసార్లు, నలభైసార్లు ఉలిక్కిపడే మనిషికి పగలు ఎంత ఫీజు పెట్టి ఫిజియోథెరపీ చేయించినా అడుగున చిల్లున్న కుండలో నీళ్లు పోసినట్టే. ఫిజియోథెరపిస్టు పొద్దున ఎనిమిదింటికి వస్తే మనిషి తూగుతూ కూర్చుంటున్నాడా, పదకొండుకి చురుగ్గా ఉంటున్నాడా అన్నది గమనించి వేళ మార్చుకోవడం చిన్న సంగతిలా ఉంటుంది కానీ చిన్నది కాదు.

ఇవన్నీ గమనించగలిగేది ఎవరు? నైట్ డ్యూటీ నర్సు ఆసుపత్రి వరకే. ఇంట్లో ఆ మంచం పక్కన చాపమీద భార్యో, కోడలో, కూతురో ఉంటుంది. రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, గురక మధ్య ఎంతసేపు నిశ్శబ్దం, పగలు ఎక్కడెక్కడ కునుకు పట్టింది అని ఒక వారం రోజులు పాత క్యాలెండర్ వెనక రాసిపెట్టగలిగేది ఆమె ఒక్కతే. ఆమె కూడా నెలల తరబడి సరిగ్గా నిద్రపోయి ఉండదు. ఒక రాత్రి ఆమెని వేరే గదిలో పడుకోమని, కొడుకో, అల్లుడో ఆ చాపమీదికి మారితే రెండు పనులవుతాయి. ఆమెకి ఒక రాత్రి నిద్ర దొరుకుతుంది, ఆ గురక ఎలా ఉంటుందో రెండో మనిషి కూడా వింటాడు.